పాట పెడితే బాధ పలచబడదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో నాటకాల గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. కులం, పేదరికం, ఇల్లు దొరక్కపోవడం లాంటివి చెప్పాలంటే మాటల నాటకమే తగినదని, పద్యమో పాటో వచ్చిందంటే జనం రాగంలో పడిపోయి అసలు బాధ మర్చిపోతారని ఆ రచయిత రాశారు. నాటకం మీద ప్రేమతోనే రాశారని తెలుస్తూనే ఉంది. కానీ నేను ముప్పై ఎనిమిదేళ్లు పద్య నాటకాలకి హార్మోనియం వాయించినవాణ్ని. ఆ మాట నాకు గుచ్చుకుంది. మూడేళ్ల కిందట అమెరికాలో చూసిన ఒక నాటకం గురించి చెబితే నా బాధేమిటో అర్థమవుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగవుతుంది. వీలైతే కత్తిరించకుండా వేయండి.

మా అమ్మాయి చికాగో శివార్లలో ఉంటుంది. నేనూ మా ఆవిడా ఆర్నెల్లు ఉందామని వెళ్లాం. నాకు మాల్స్ తిరగడం పట్టదు. నా సంగతి తెలిసిన పిల్ల కనక, ఎక్కడో చూసి, "నాన్నా, సౌత్‌సైడ్‌లో చిన్న హాల్లో పాటల నాటకం వేస్తున్నారు, పోదాం" అంది. అక్కడి మనవాళ్లు ఒకరిద్దరు "అటెందుకు అంకుల్, అంత సేఫ్ కాదు" అన్నారు. అమ్మాయి వినలేదు. సౌత్‌సైడ్ అంటే చికాగోకి దక్షిణం వైపు, నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే భాగం. వెళ్లి చూస్తే హాలు నిండా వాళ్లే. ముసలివాళ్లు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లులు. నా పక్క సీటులో పెద్దావిడ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. నన్ను చూసి నవ్వి, సంచీలోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి చేతిలో పెట్టింది. మన ఊళ్లో నాటకానికి పోతే పక్కన కూర్చున్న ముసలమ్మ వక్కపలుకు ఇచ్చినట్టే అనిపించింది.

నాటకం పేరు 'రైజిన్'. ఎండుద్రాక్ష అని. కథ ఆ సౌత్‌సైడ్‌దే, 1950ల నాటిది. యంగర్ కుటుంబం. చిన్న వాటాలో ఐదుగురు. లీనా అనే పెద్దావిడా ఆమె కూతురు బినీథా ఒక గదిలో, కొడుకు వాల్టర్ లీ, కోడలు రూత్ ఇంకో గదిలో. మనవడు ట్రావిస్‌కి ముందుగదిలో సోఫానే మంచం. బాత్‌రూమ్ బయట, పక్క వాటావాళ్లతో కలిపి. పొద్దున లేస్తే ఎవరు ముందు పోవాలా అని తగువు. కొడుకు ఒక తెల్ల దొర దగ్గర కారు డ్రైవరు, కోడలు ఇళ్లలో పనిచేస్తుంది, కూతురికి డాక్టరు చదవాలని పట్టుదల. ఇంటాయన చాకిరీ చేసి చేసి పోయాడు. ఆయన ఇన్సూరెన్స్ డబ్బు 10,000 డాలర్ల చెక్కు రావాలి. కొడుకు ఆ డబ్బుతో బ్రాందీ షాపు పెడదామంటాడు. తల్లి ఎవరికీ చెప్పకుండా పోయి 3,500 కట్టి ఒక ఇల్లు ఖాయం చేసి వస్తుంది. అది తెల్లవాళ్ల పేటలో. అక్కడే ఎందుకంటే, నల్లవాళ్ల కోసమని ఊరవతల కట్టిన ఇళ్లు రెట్టింపు ధర ఉన్నాయి, నా దగ్గరున్న డబ్బుకి వచ్చినవాటిలో ఇదే మంచిది అంటుంది. ఆ మాట నాకు బాగా పట్టింది. ఇల్లు కొనే తల్లి అలాగే లెక్క చూసుకుంటుంది.

లీనమ్మ దగ్గర ఒక మొక్క ఉంటుంది. కిటికీలో చిన్న కుండీ. వచ్చే కాస్త ఎండ చాలక బక్కచిక్కి వాలిపోయి ఉంటుంది. ఆ మొక్కని చూసుకుంటూ, దీనికి బోలెడంత ఎండ కావాలి అని ఆవిడ ఒక పాట పాడుతుంది. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అప్పటిదాకా అమ్మాయి చెవిలో చెబుతూనే ఉంది. ఆ పాట దగ్గర మాత్రం "చెప్పొద్దమ్మా" అన్నాను. పాడినావిడ తారస్థాయికి పోలేదు. ఇంట్లో పని చేసుకుంటూ కూనిరాగం తీసినట్టు మొదలుపెట్టి, మెల్లగా గొంతు విప్పి, ఒకచోట టక్కున ఆపేసింది. వాద్యాలూ ఆగిపోయాయి. నేనైతే అక్కడ షడ్జమం ఒక్కటి పట్టి ఉంచేవాణ్ని. వాళ్లు అది కూడా ఉంచలేదు. అంత నిశ్శబ్దంలో ఆవిడ ఒక ఆకు మీద దుమ్ము బొటనవేలితో తుడిచింది. నా పక్కన పెద్దావిడ ఒళ్లోని టోపీని గట్టిగా పట్టుకుంది. ఎండ రాని గదిలో పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసిన మనిషి కడుపులో ఏముంటుందో, ఆ ఆకు తుడిచిన క్షణంలో నాకు తెలిసింది. అంతకుముందు ఆ పాట లేకపోతే ఆ తుడవడానికి ఏ అర్థమూ రాదు.

విరామం తర్వాత లిండ్నర్ వస్తాడు. కొన్న ఇల్లున్న పేట సంఘం తరఫున వచ్చిన తెల్లాయన. టోపీ చేతిలో పట్టుకుని, బ్రీఫ్‌కేసుతో, సోఫా అంచున కూర్చుంటాడు. గొంతు పెంచడు, తిట్టడు. మా పేటవాళ్లంతా కష్టపడి పైకొచ్చినవాళ్లండీ అంటాడు. ఎవరి మధ్య వాళ్లుంటేనే అందరికీ సుఖం కదండీ అంటాడు. మీరు కట్టిన దానికంటే ఎక్కువే ఇస్తాం, ఇల్లు మాకిచ్చేయండి అంటాడు. వాళ్లు బయటికి పొమ్మంటే, మనసులు మార్చడం ఎవరి తరమూ కాదని బాధగా చెప్పి పోతాడు. తర్వాత తల్లి ఇంటికొస్తే కొడుకూ కోడలూ కూతురూ ముగ్గురూ కలిసి ఆయన మర్యాదంతా నటించి చూపిస్తూ, ఈ రోజుల్లో అలా కాదు అని ఒక పాట పాడతారు. హాలంతా నవ్వింది. చప్పట్లు కొట్టింది. నా చేతి మీద అమ్మాయి చేయి పడింది. తను నవ్వడం లేదు. నేనూ నవ్వడం లేదు. మా ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది.

ఇది నేనెక్కడా చెప్పలేదు. 1991లో గుంటూరులో ఒక పేటలో శ్రీరామనవమి పందిట్లో హరిశ్చంద్ర వేశాం. ముందు వరసలో ఒక పెద్దాయన. కాటి సీనులో మూడుసార్లు ఒన్స్ మోర్ కొట్టాడు. నాటకం అయ్యాక స్టేజి వెనక్కొచ్చి నా చేయి పట్టుకుని "ఏం వాయించావయ్యా" అన్నాడు. అమ్మాయిని మంచి స్కూల్లో వేద్దామని టౌనులో ఇల్లు చూస్తున్నాను అంటే, "మా వెనక వాటా ఖాళీ, పొద్దునే రా" అన్నాడు. పొద్దున్నే పదేళ్ల అమ్మాయిని సైకిలు మీద ఎక్కించుకుని వెళ్లాను. అరుగు మీద కుర్చీ వేశాడు. రాత్రి పద్యాల గురించి కాసేపు మాట్లాడాడు. అద్దె చెప్పాడు, నేను సరేనన్నాను. తర్వాత "ఇంతకీ మీరేమిట్లు?" అన్నాడు. చెప్పాను. అప్పుడే వాళ్లావిడ రెండు కాఫీ గ్లాసులతో గుమ్మం దాకా వచ్చింది. నా మాట విని ఆగింది. గ్లాసులతోనే లోపలికి తిరిగిపోయింది. ఆయన తప్పుగా ఒక్క మాట అనలేదు. "మా మేనల్లుడు దిగుతానన్నాడు, ఆ సంగతే మర్చిపోయాను సుమా" అన్నాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు. గేటుకి 'టు లెట్' పలక అలాగే ఉంది. సైకిలు ఎక్కాక అమ్మాయి, "నాన్నా, ఆ తాతగారు రాత్రి నిన్ను మెచ్చుకున్నారుగా?" అని అడిగింది. ఆ పిల్లకి నేనేమీ చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్ల తర్వాత చికాగోలో, టోపీ చేతిలో పట్టుకున్న ఆ లిండ్నర్‌ని చూసి నా చేయి పట్టుకుంది.

నాటకం చూసిన వారానికి అమ్మాయి నన్ను కారులో సౌత్ రోడ్స్ అవెన్యూకి తీసుకెళ్లింది. 6140 నంబరు, ఇటుకలతో కట్టిన మూడంతస్తుల ఇల్లు. ఈ కథకి మూలం ఆ ఇల్లే. నాటకం రాసిన లొరెయిన్ హాన్స్‌బెర్రీ 1930లో చికాగోలో పుట్టింది. 1937లో తండ్రి కార్ల్ హాన్స్‌బెర్రీ ఆ ఇల్లు కొన్నాడు. ఆ చుట్టుపక్కల ఇళ్ల యజమానులు ముందే ఒప్పందం రాసుకుని ఉన్నారు, నల్లవాళ్లకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, వాళ్లు నివాసం ఉండకూడదని. చికాగోలో ఇలాంటి ఒప్పందాల్లో మినహాయింపు ఒకటుండేది. ఇంట్లో పనిచేసేవాళ్లు, డ్రైవర్లు అయితే నేలమాళిగలోనో కారు షెడ్డులోనో ఉండొచ్చు. నేను ఆ మాట రెండుసార్లు చదివించుకున్నాను. చాకిరీ చేసేవాడు వెనకనుంచి రావచ్చు, అద్దె కట్టేవాడు ముందు నుంచి రాకూడదు. మాకు తెలియని రూలా ఇది.

వాళ్లు ఆ ఇంట్లో దిగాక ఇంటి ముందు జనం మూగారు. ఎవరో విసిరిన ఇటుక లాంటిది అప్పటికి చిన్నపిల్లైన లొరెయిన్‌కి తగలబోయి కాస్తలో తప్పింది. తండ్రి వాషింగ్టన్‌లో కోర్టు చుట్టూ తిరుగుతుంటే, తల్లి రాత్రిళ్లు తూటాలు నింపిన పిస్తోలు పట్టుకుని ఇంట్లో కాపలా కాసింది. స్కూలుకి పోయే దారిలో పిల్లల మీద ఉమ్మేశారు, కొట్టారు. తల్లి కాపలా సంగతీ, స్కూలు దారి సంగతీ హాన్స్‌బెర్రీ 1964లో న్యూయార్క్ టైమ్స్ ఎడిటరుకి ఉత్తరంగా రాసింది. అప్పుడు అచ్చు కాలేదు. ఆమె పోయాక పుస్తకంలో వచ్చింది. ఎడిటరుగారికి ఉత్తరం రాస్తున్నాను కనక ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.

ఆ ఒప్పందం చూపించి వాళ్ల మీద వేసిన కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్లకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 1940లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఆ ఒప్పందం చెల్లాలంటే వీధి వైపు కొలతలో 95 శాతం స్థలానికి యజమానుల సంతకాలు ఉండాలి, ఉన్నవి 54 శాతానికే. అయినా కోర్టు ఆ షరతే తప్పని అనలేదు. ఆ ఒప్పందం చెల్లుతుందని తేల్చిన పాత కేసులో మీరు భాగం కాదు కాబట్టి ఆ తీర్పు మీకు వర్తించదు అని మాత్రమే అంది. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని చెప్పడానికి 1948 దాకా, ఇళ్ల అమ్మకంలో, అద్దెలో జాతి వివక్ష చూపకూడదని చట్టం రావడానికి 1968 దాకా పట్టింది. తండ్రి 1946లోనే పోయాడు. ఆయన ఆ రెండూ చూడలేదు. 1965లో ముప్పై నాలుగేళ్లకి క్యాన్సరుతో పోయిన కూతురు రెండోది చూడలేదు.

ఆమె రాసింది మాటల నాటకమే, ఒప్పుకుంటాను. 1959లో న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్వేలో వేశారు, 530 ప్రదర్శనలు ఆడింది. అది పాటల నాటకం అయింది ఆమె పోయాకే. ఆమె మాజీ భర్త రాబర్ట్ నెమిరాఫ్ ఇంకొకరితో కలిసి దాన్ని పాటలకి అనువుగా తిరగరాశాడు. జడ్ వోల్డిన్ బాణీలు, రాబర్ట్ బ్రిటన్ పాటలు. నాట్యం, దర్శకత్వం డోనాల్డ్ మెకేల్. 1973 అక్టోబరులో బ్రాడ్వేకి వచ్చింది, 847 ప్రదర్శనలు ఆడింది. ఉత్తమ మ్యూజికల్‌గా, అంటే పాటల నాటకంగా, అక్కడి నాటకాలకిచ్చే టోనీ అవార్డు వచ్చింది. లీనా పాత్ర వేసిన వర్జీనియా కేపర్స్‌కీ ఉత్తమ నటిగా అవార్డు వచ్చింది. మాటల నాటకం అప్పటికే గొప్పదని పేరు తెచ్చుకుంది. మరి పాటలు పెట్టినందువల్ల ఆ కుటుంబం బాధ పలచబడితే, అదే బాధ పడ్డ ఆ ఊళ్లోనే, నా పక్కన కూర్చున్న పెద్దావిడ మూడేళ్ల కిందట అలా టోపీ పట్టుకుని ఎందుకు కూర్చుంటుంది?

ఒక సీను గురించి ఇంకా చెప్పాలి. చర్చి సీను. చప్పట్లు మొదలయ్యాయి, తర్వాత ఒక గొంతు, తర్వాత అందరి గొంతులు. హాల్లో సగం మంది లేచి కలిసి పాడారు. నేనూ చప్పట్లు కలిపాను. తాళం ఎక్కడ పడుతుందో నా చేతులకి తెలుసు. నేను హార్మోనియం నేర్చుకుంది మా మాలపల్లెలో లూథరన్ చర్చిలో. పాస్టరుగారి భార్య నా ఎడమ చేయి పట్టుకుని తిత్తి ఎలా వేయాలో నేర్పింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమే నా మొదటి పాఠం. వారమంతా పొలాల్లో వంగి పనిచేసిన మా అమ్మ ఆదివారం పొద్దున నిటారుగా నిలబడి పాడేది. వారంలో అలా నిలబడేది అప్పుడే. పాటలో బాధ మర్చిపోతారని రాసిన వ్యాసకర్తగారు మా అమ్మని ఆదివారం ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆయన అడగగలిగిన ప్రశ్న ఒకటుంది. గుంటూరు పెద్దాయన రాత్రి మూడుసార్లు ఒన్స్ మోర్ కొట్టి, పొద్దున ఇల్లివ్వలేదు కదా, మరి పద్యం ఏం చేసినట్టు అని. నేనూ చాలా ఏళ్లు ఇదే ప్రశ్న వేసుకున్నాను. ఆ రాత్రి ఆయన ఒన్స్ మోర్ కొట్టినవి జాషువాగారి స్మశానవాటి పద్యాలు. వినుకొండలో పుట్టి, అంటరానితనం ఒంటి మీద అనుభవించిన కవి రాసినవి. అంటరానితనం తిరగడానికి ఇక్కడ చోటే లేదు అని శ్మశానం గురించి ఒక పద్యంలో అంటాడు. మన నటులు ఏనాడో ఆ పద్యాలు తెచ్చి హరిశ్చంద్ర కాటి సీనులో కలిపారు. ఎంత మంచి పని చేశారో. కానీ స్టేజి మీద ఆ పద్యం పాడేది రాజు. పరీక్ష అయిపోగానే కిరీటం పెట్టుకుని రాజ్యానికి పోతాడు. ఆ కాటికి అసలు యజమాని వీరబాహుడు, రోజూ అక్కడే బతికేవాడు. వాడి భార్య ఏం వండింది, వాడి పిల్లలు ఎక్కడ పడుకున్నారు, ఊళ్లో ఇల్లు అడిగితే ఎవరేమన్నారు, ఇవేవీ మన స్టేజి మీద ఏ రాగంలోనూ నేను వాయించలేదు. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా. పెద్దాయన రాజు కోసం ఏడ్చాడు. నా కోసం ఏడవాలని ఆయనకి ఎవరూ పాడి చెప్పలేదు. 'రైజిన్' చూశాక నాకు అర్థమైంది ఇదే. అక్కడ పాట డ్రైవరు నోట్లో ఉంది, పనిమనిషి నోట్లో ఉంది, సోఫా మీద పడుకునే పిల్లవాడి నోట్లో ఉంది. ఇల్లు కావాల్సిన వాళ్లే ఇల్లు గురించి పాడారు.

అందుకని పరిషత్తులకి నాటికలు రాసే కుర్రవాళ్లకి మీ పత్రిక ద్వారా ఒక మాట. టు లెట్ పలక చూసి గేటు తీసిన కుటుంబం మీద నాటకం రాయండి. ఇప్పటికీ అద్దె ఇళ్ల ప్రకటనల్లో 'శాకాహారులకు మాత్రమే' అని ఉంటుంది, మీ పత్రికలో కూడా చూశాను, ఆ ఒక్క లైను పట్టుకుని రాయండి. రాసేటప్పుడు పాటలు తీసేయకండి. ఇల్లివ్వని ఆయనకి మాటలు చాలు. గేటు దాకా నడిచి వెళ్లే తండ్రికి పద్యం ఇవ్వండి. కాఫీ గ్లాసులతో వెనక్కి తిరిగిన ఆవిడకి కూడా ఒకటివ్వండి, ఆమె మనసులో ఏముందో నాకిప్పటికీ తెలియదు. సైకిలు మీద కూర్చున్న పిల్ల అడిగిన ప్రశ్న మాత్రం మాటలోనే ఉంచండి. అక్కడ వాద్యం ఉండకూడదు.

హార్మోనియం నేను వాయిస్తాను, డబ్బు వద్దు. వేళ్లు ఇంకా పలుకుతున్నాయి. తండ్రి పాత్రకి గొంతున్న కుర్రాడు ఒకడు తెనాలిలోనే ఉన్నాడు, నాలుగు శ్రుతిలో హాయిగా పాడతాడు. నా ఫోను నంబరు మీ ఆఫీసులో ఇచ్చి వెళ్లాను. రాసినవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత చేయండి, పొద్దున చర్చిలో పిల్లలకి పాఠం ఉంటుంది.

ఇట్లు,
ఒక హార్మోనిస్టు, తెనాలి